ఇంటిపేరు వినగానే జాతి చెప్పేయకండి: పశ్చిమ ఆఫ్రికా పేర్లు విప్పే పద్ధతి

గినీలో ఒకాయన ఉన్నాడనుకోండి. ఇంటిపేరు ఫ్రెంచి పద్ధతిలో డి, ఐ, ఏ, రెండు ఎల్‌లు, ఓ అని రాస్తాడు. గాంబియాలో ఉన్న బాబాయి కొడుకు జె, ఏ, రెండు ఎల్‌లు, ఓ, డబ్ల్యూ అని రాస్తాడు. సియెర్రా లియోన్‌లో స్థిరపడ్డ ఇంకో తమ్ముడికి చివరి డబ్ల్యూ పోయి హెచ్ వచ్చింది. గినీ-బిస్సావులో పోర్చుగీసు గుమాస్తా పేరు ముందు డి, జె రెండూ పెట్టి, ఒక ఎల్ తీసేశాడు. కాగితం మీద నాలుగు పేర్లు. కంప్యూటర్లో ఒకటి కొట్టి వెతికితే మిగతా మూడూ తగలవు. నలుగుర్నీ ఒకచోట కూర్చోబెట్టి ఇంటిపేరు చెప్పమంటే మాత్రం నలుగురి నోటా ఒకటే మాట: జల్లో.

అందుకే పశ్చిమ ఆఫ్రికా కుటుంబాల మూలాలు వెతికేవాళ్లు చేయాల్సిన మొదటి పని, ఆ పేరుని తెలుగులో రాసుకోవడం. మాట వరసకి అనడం లేదు. ఆ భాషల్లో ఉన్న జ, చ, ఞ శబ్దాలకి ఫ్రెంచిలో సరైన అక్షరాలు లేక గుమాస్తాలు తంటాలు పడ్డారు. మన లిపిలో అవన్నీ ఉన్నాయి. ఫ్రెంచి రాతలో డి, ఐ తర్వాత అచ్చు వస్తే అది ‘జ’. టి, హెచ్, ఐ కలిసి వస్తే ‘చ’. ఓ, యు కలిసి వస్తే ‘ఉ’ లేదా ‘వ’. జి, ఎన్ కలిసి వస్తే ‘ఞ’. ఈ నాలుగు సూత్రాలు పట్టుకుంటే సెనెగల్లో ‘డియోప్’ లాగా కనిపించేదీ గాంబియాలో ‘జోబ్’ లాగా కనిపించేదీ ఒకటేనని తెలుస్తుంది. సెనెగల్ డియూఫ్, గాంబియా జూఫ్ ఒకటి. అక్కడి థియామ్, ఇక్కడి చామ్ ఒకటి. ఎన్డియాయే, న్జాయ్ ఒకటి. కొన్ని జతలు సూత్రానికి లొంగవు, వాటిని గుర్తుపెట్టుకోవాల్సిందే: మాలీ సిస్సే గాంబియాలో సీసే, సియెర్రా లియోన్‌లో సెసే, మాలీ దియాబాతే గాంబియాలో జోబార్తే, త్రావొరే అక్కడ త్రావల్లీ.

వెతకబోయే ముందే ఒక కాగితం మీద ఫ్రెంచి రాత, గాంబియా రాత, సియెర్రా లియోన్ రాత, పోర్చుగీసు రాత అని నాలుగు గళ్లు గీసి నింపండి. ఏ దస్తావేజు చూసినా నాలుగింటితోనూ వెతకండి. ఒకే తల్లి కడుపున పుట్టిన అన్నదమ్ముల పాస్‌పోర్టుల్లోనే రాతలు వేరుగా ఉండడం అక్కడ మామూలు. రాత తేడా చూసి వేరే కుటుంబం అనుకుని వదిలేయడం ఈ పనిలో అందరూ చేసే మొదటి తప్పు.

రెండో తప్పు ఇంకా పెద్దది. ‘ఈ పేరు ఈ జాతిది’ అని చెప్పే జాబితాలు ఇంటర్నెట్లో బోలెడు. త్రావొరే అయితే మలింకే, జల్లో అయితే ఫులానీ, న్జాయ్ అయితే వొలొఫ్. ఇందులో సగమే నిజం. ఆ పేరు మొదట ఎక్కడ పుట్టిందో అవి చెబుతాయి. ఇప్పుడు ఆ పేరు పెట్టుకున్న మనిషి ఏ భాష మాట్లాడతాడో, వాళ్ల తాత ఎవరినని చెప్పుకునేవాడో వాటికి తెలియదు. మన దగ్గరా ఒకే ఇంటిపేరు మూడు నాలుగు కులాల్లో ఉంటుంది. ఇంటిపేరు విని కులం చెప్పబోయి నాలిక్కరుచుకోని తెలుగువాళ్లు తక్కువ. అక్కడ వ్యవహారం అంతకన్నా చిక్కు. (అన్నట్టు, ‘తెగ’ అనే మాట వాడకుండా జాతి అంటున్నాను. కోట్లలో జనం, శతాబ్దాల రాజ్యాలు ఉన్న నైజీరియా యోరుబాల్ని తెగ అనడం నాకు మనస్కరించదు.)

కాబట్టి రాత తేలాక అడగాల్సింది ‘ఏ జాతి?’ అని కాదు, ‘ఇది ఏ రకం పేరు?’ అని. పశ్చిమ ఆఫ్రికాలో ఇంటిపేరు అని రాసే గడిలోకి కనీసం నాలుగు రకాల పేర్లు వచ్చి చేరాయి. వంశం పేరు, ఎప్పుడో ఒక తాతకి పెట్టిన సొంత పేరు అక్కడే గడ్డకట్టి ఇంటిపేరైనది, ఊరి పేరో తండ్రి పేరో, బయటినుంచి వచ్చిన యూరప్ పేరు. ఒక్కో రకానికి వెతికే దారి వేరు.

అసలైన వంశనామాలు మాందే జనాల్లో ఉన్నాయి. మలింకే, బంబారా, సోనింకే, సూసు వాళ్లంతా ఈ గుంపు. ఇంటిపేరుని మాందే భాషల్లో జాము అంటారు, వొలొఫ్‌లో సంత్, ఫులానీల భాషలో యెత్తోరే. జాము మన ఇంటిపేరు కన్నా బరువైనది. పలకరింపులోనే ఎదుటి మనిషి జాము పలుకుతారు. అలా పలకడం గౌరవం, అందులో వాళ్ల పూర్వీకుల పొగడ్త ఉంది. పైగా ఆడవాళ్లు పెళ్లయ్యాక కూడా పుట్టింటి జాము వదలరు. వెతికేవాళ్లకి ఇది పెద్ద వరం: నానమ్మ, అమ్మమ్మ, వాళ్ల అమ్మల పేర్లు దొరికితే నాలుగైదు వంశాలు ఒకేసారి కనిపిస్తాయి. తండ్రి పేరు ఒక్కదాని మీదే పడి వెతికేవాళ్లు ఈ వరాన్ని చేతులారా వదులుకుంటున్నారు.

జాము మాలీ సామ్రాజ్యం నాటి సంబంధాల్ని కూడా చెబుతుంది. 13వ శతాబ్దంలో ఆ సామ్రాజ్యాన్ని స్థాపించిన సుంజాతా తండ్రి ఇంటిపేరు కొనాతే. సుంజాతా వంశం వాళ్లు కేయితా అయ్యారు. స్వతంత్ర మాలీ మొదటి అధ్యక్షుడు మోదిబో కేయితా పేరు ఆ వంశానిదే. కుయాతే అనే పేరు గ్రియోలది, అంటే వంశచరిత్రలు నోటికి పాడే వారసత్వ గాయకులది. సుంజాతా గ్రియో బల్లా ఫస్సేకే నుంచి తమ వంశం మొదలైందని కుయాతేలు చెబుతారు. జోబార్తేలు కూడా గ్రియోలే. ఇలాంటి పేరు తగిలితే జాతి కన్నా ముందు వృత్తి తెలిసిపోతుంది.

ఇక పేర్లు మారే దారులు. సెనెగల్ న్జాయ్ ఒకడు మాలీకి వెళ్లి స్థిరపడితే జారా అయిపోవచ్చు. రెండు పేర్లూ సమానమని ఇరుపక్షాలూ ఒప్పుకుంటాయి. బంబారాలో ‘జారా’ అంటే సింహం; న్జాయ్ వంశాన్ని వొలొఫ్‌లో పొగిడేదీ సింహమనే. అలాగే జోబ్‌లకి త్రావొరేలు సమానం, కోనేలకి జారాలు సమానం. వలస వెళ్లినవాడు కొత్త ఊళ్లో తనకి సమానమైన పేరు తీసుకుని అక్కడి వాళ్లలో కలిసిపోతాడు. మూడు తరాలకి భాష మారుతుంది, పాత పేరు ముసలివాళ్ల నోట్లోనే మిగులుతుంది.

ఇంకో దారి చెప్పడానికే బాధగా ఉంటుంది. బానిసలుగా కొనబడినవాళ్లకి చాలాచోట్ల యజమాని జామునే పెట్టారు. కాబట్టి రాజవంశం పేరు ఉన్నంత మాత్రాన రక్తసంబంధం ఉందని కాదు. ఊళ్లలో ఈ సంగతి అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు. పెద్దల్ని అడిగేటప్పుడు ఈ ప్రశ్న నేరుగా వేయకండి. ‘మీ వాళ్లు ఈ ఊరికి ఎవరితో వచ్చారు?’ అని అడగండి. చెప్పదలుచుకుంటే వాళ్లే చెబుతారు.

ఫులానీల దగ్గర లెక్క సులువుగా కనిపిస్తుంది: జల్లో, బా, సో, బారీ, నాలుగే పేర్లు. 18వ శతాబ్దంలో గినీలోని ఫూతా జాలోన్‌లో ఇస్లామ్ రాజ్యం స్థాపించి పాలించిన అల్మామీలు (అక్కడి పాలకుల బిరుదు అది) బారీలు. కానీ మాలీ దక్షిణాన వసులూ ప్రాంతానికి వెళ్లండి. అక్కడి నాలుగు పేర్లు జల్లో, జాకితే, సిదీబే, సంగారే. తాము ఫులానీ వంశమేనని చెప్పుకుంటారు. బా అంటే జాకితే, సో అంటే సిదీబే, బారీ అంటే సంగారే అని జతలు కూడా కలుపుతారు. మాట్లాడేది మాత్రం మాందే భాష. మరి వీళ్లని ఏమనాలి? వాళ్లు ఏమని చెప్పుకుంటే అదే అనాలి, భాష సంగతి పక్కనే వేరే గడిలో రాసుకోవాలి. సెనెగల్ నది ఒడ్డున ఫూతా తోరోలో ఇది తిరగబడింది: మాట్లాడేది ఫులానీల భాషే, ఇంటిపేర్లు లీ, సీ, కాన్, వాన్, తాల్. 19వ శతాబ్దంలో పెద్ద రాజ్యం కట్టిన ఎల్ హజ్ ఉమర్ తాల్ ఇక్కడివాడే. నాలుగు పేర్ల సూత్రం మాత్రమే తెలిసినవాళ్లు వీళ్లని ఫులానీ లోకంలోంచి బయటికి నెట్టేస్తారు.

దక్షిణ సెనెగల్లోని కాసమాన్స్‌లో ఫుట్‌బాల్ అభిమానులందరికీ తెలిసిన ఒక పేరు ఉంది: మానే. మానే, సానే అనేవి కాబూ రాజ్యాన్ని పాలించిన రెండు మాందింకా రాచవంశాలు. ఆ రాజ్యం కింద శతాబ్దాల పాటు బతికిన జోలా, బలాంతా కుటుంబాల్లోకీ ఆ పేర్లు వెళ్లాయి. కాసమాన్స్‌లో సానే అని వినగానే జోలా అనుకునేవాళ్లు, మాందింకా అనుకునేవాళ్లు ఇద్దరూ ఉన్నారు. ఊరు తెలియకుండా ఎవరిది సరైందో తేల్చలేం.

ఇవన్నీ ఒకేచోట చూడాలంటే సియెర్రా లియోన్ కమారా పేరు తీసుకోండి. పుట్టుక మాందే. ఇవాళ ఆ దేశంలో ఆ పేరు తెమ్నేలకి ఉంది, లింబాలకి ఉంది, లోకోలకి, సూసులకి, మందింగోలకీ ఉంది. ఉత్తరాన్నుంచి వర్తకులు, యోధులు, మతగురువులు దిగివచ్చి అక్కడి ఇళ్లలో పెళ్లిళ్లు చేసుకున్నారు. తండ్రి పేరు నిలిచింది, తల్లి భాష నిలిచింది. మకేనీ దగ్గర పుట్టిన కమారా గురించి తేల్చాలంటే నాలుగు సంగతులు కావాలి: తాత పుట్టిన ఊరు, అది ఏ చీఫ్‌డమ్‌లో (సంప్రదాయ పెద్ద కింద ఉండే ప్రాంతంలో) ఉంది, ఇంట్లో నానమ్మ ఏ భాషలో మాట్లాడేది, ఆవిడ పుట్టింటి పేరు ఏమిటి. మకేనీ పట్టణం తెమ్నేల ప్రాంతంలోది కాబట్టి తెమ్నే అనేయడం తొందరపాటు. పనికోసం పట్టణానికి వచ్చిన లింబాలు అక్కడ ఎందరో.

రెండో రకం, గడ్డకట్టిన సొంత పేర్లు. ఘానా నుంచి నైజీరియా దాకా తీరం వెంట ఎక్కువ ఇవే. తరతరాల ఇంటిపేరు అనే పద్ధతి ఇక్కడికి బడులతో, చర్చిలతో, ప్రభుత్వ కాగితాలతో వచ్చింది. ఒక తాతకి పుట్టిన రోజుని బట్టో, పుట్టిన వరసని బట్టో పెట్టిన పేరు పిల్లలకి ఇంటిపేరైంది. ఐక్యరాజ్య సమితి ప్రధాన కార్యదర్శిగా చేసిన ఘానావాడు కోఫీ అన్నన్ పేరే చూడండి. కోఫీ అంటే శుక్రవారం పుట్టినవాడు, మధ్యలో ఉండే అత్తా అంటే కవలల్లో ఒకడు, అన్నన్ అంటే నాలుగో సంతానం. ఆ ‘నాలుగో’ లెక్క ఆయనకి చెందదు, తండ్రి ఇంటిపేరు కూడా అదే. పై తరాల్లో ఎవరో నాలుగోవాడిగా పుట్టాడన్నమాట. వంశం గురించి ఈ పేరు ఒక్క ముక్కైనా చెప్పదు. ఘానాలోని అకాన్ జనాల్లో వంశం తల్లి వైపునుంచి వస్తుంది. దాన్ని అబుసువా అంటారు, పెద్దవి ఎనిమిది. పేరు తండ్రి ఇస్తాడు, వంశం తల్లి ఇస్తుంది. ఇంటిపేరు పట్టుకుని అబుసువా వెతకడం అంటే ఒక ఊరి బస్సెక్కి ఇంకో ఊళ్లో దిగుదామనుకోవడమే.

మెన్సా అనే పేరు దగ్గర మరింత జాగ్రత్త. మూడో కొడుకు అని దాని అర్థం. అకాన్‌లకి ఉంది, ఎవేలకి ఉంది, గా జనాలకి ఉంది, టోగో, బెనిన్‌లలోనూ ఉంది. జాతి తేల్చడానికి అది దాదాపు పనికిరాదు. అదే అక్రాలోని గా కుటుంబం పేరైతే చాలా చెబుతుంది: ఒక్కో ఇంటివారికి సొంత పేర్ల వరస ఉంటుంది, ఒక తరానికి ఒక వరస, తర్వాతి తరానికి ఇంకోటి, మళ్లీ మొదటిది. ఆ వరస తెలిసిన పెద్దమనిషి పేరు వినగానే ఏ వాడ ఇల్లో చెప్పేస్తాడు.

నైజీరియా ఇగ్బో పేర్లలో నాకు బాగా ఇష్టమైన వివరం ఒకటి ఉంది. వాళ్ల వారం నాలుగు రోజులే, ఒక్కో రోజూ ఒక సంత పేరు: ఎకే, ఒరియే, అఫో, ఎన్‌క్వో. ఎకే రోజు పుట్టిన మగబిడ్డ ఒకెకే, అఫో రోజైతే ఒకాఫో, ఎన్‌క్వో అయితే ఒకొన్‌క్వో. రెండో రోజు దగ్గర యాస బయటపడుతుంది. అనంబ్రా వైపు ఆ రోజుని ‘ఓయే’ అంటారు, పేరు ఒకోయే అవుతుంది. ఇమో, అబియా వైపు ‘ఒరియే’ అంటారు, పేరు ఒకోరియే. అర్థం ఒకటే, పుట్టిన రోజు ఒకటే, ఒక్క అక్షరంతో రాష్ట్రం తెలుస్తోంది. ఇగ్బో అని ఎలాగూ తెలిసిపోయిన పేరులో, మనకి నిజంగా కావాల్సిన ప్రాంతం ఆ ‘ర’ ఉందా లేదా అన్నదాంట్లో ఉంది.

యోరుబా పేర్లలో ముందు ముక్క చూడాలి. ‘అదే’ అంటే కిరీటం, రాచకుటుంబం. ‘అయాన్’ అంటే డప్పు వాయించే వంశం, ‘ఓదే’ అంటే వేటగాళ్లు, ‘ఒగున్’ ఇనుము దేవుడి భక్తులు, ‘ఇఫా’ సోదె చెప్పే పూజారులు. ఇఫా తరచు ‘ఫా’గా కుదించుకుపోతుంది కాబట్టి ఫలోలా లాంటి పేర్లలో అది దాగి ఉంటుంది. ‘షో’ లేదా ‘సో’తో మొదలయ్యేవి ఎక్కువగా ఎగ్బా, ఇజెబు వైపువి; అబెకుటాలో పుట్టిన నోబెల్ రచయిత సోయింకా పేరు అలాంటిదే. ‘అకిన్’ ఎక్కువగా ఓందో వైపు వినిపిస్తుంది. చిక్కెక్కడంటే, క్రైస్తవంలోకి వెళ్లిన కుటుంబాలు కొన్ని ఒగున్, ఇఫా ముక్కలు తీసేసి దేవుడు అనే అర్థమొచ్చే ‘ఒలు’ పెట్టుకున్నాయి. అందుకే బాప్తిస్మ రిజిస్టరుకి ముందు తరం పేరు దొరికితేనే అసలు ముక్క తెలుస్తుంది.

బుర్కినా ఫాసోలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే పేరు ఉయెద్రావొగో. మగ గుర్రం అని అర్థం. యెనెంగా రాకుమారిని ఆమె గుర్రం అడవిలోకి మోసుకుపోతే, అక్కడ ఏనుగుల వేటగాడు రియాలేని కలిసి కన్న కొడుక్కి ఆ పేరు పెట్టిందని అక్కడి మోసీ జనాల వంశగాథ. మోసీ పేరని ధైర్యంగా చెప్పచ్చు, అంతకు మించి ఏమీ తేలదు, అంతమందికి ఉంది. ఉత్తర నైజీరియా హౌసా ప్రాంతంలో ఇంటిపేరు గడిలో ఊరి పేరో తండ్రి పేరో ఉంటుంది. అధ్యక్షుడిగా చేసిన షెహు షగారిది షగారి ఊరు. అలాంటి పేరు తరం దాటితే మారిపోవచ్చు, కాబట్టి అక్కడ ఇంటిపేరు వదిలి ఊరు పట్టుకోండి.

యూరప్ పేర్ల వెనక జాతి దాక్కుని ఉంటుంది, దొరకదని వదిలేయకండి. తర్వాత బిషప్ అయిన శామ్యూల్ అజాయి క్రౌథర్‌ని 1821లో బానిసల వేటగాళ్లు పట్టుకుపోయారు. 1822లో బ్రిటిష్ నౌకాదళం ఓడని అడ్డగించి విడిపించి సియెర్రా లియోన్‌లోని ఫ్రీటౌన్‌లో దింపింది. 1825లో బాప్తిస్మం తీసుకుంటూ ఒక ఇంగ్లండ్ పాదిరి పేరు పెట్టుకున్నాడు. క్రౌథర్ అనే మాటలో ఆఫ్రికా ఏమీ లేదు. మధ్యలో ఉన్న అజాయి మాత్రం బోర్లా పుట్టిన బిడ్డకి యోరుబాలు పెట్టే పేరు. ఫ్రీటౌన్ కుటుంబాల్లో జాన్సన్, మెకాలే తగిలినప్పుడు మధ్యపేర్లు, ఇంట్లో పిలిచే పేర్లు అడగండి. బెనిన్ తీరంలో ద సౌజా, ద సిల్వా లాంటివి బ్రెజిల్ సంబంధం చెబుతాయి. అయితే అక్కడినుంచి వచ్చిన వర్తకుల పిల్లలకీ, 1835లో బ్రెజిల్‌లోని బయీయాలో బానిసల తిరుగుబాటు తర్వాత తిరిగొచ్చిన విముక్తులకీ, ఆ ఇళ్లలో పనిచేసినవాళ్లకీ అవే పేర్లున్నాయి. ఘానా తీరంలో వాండర్‌పుయె, లుటెరోట్ వంటివి డచ్చి, డేనిష్ కోటల కాలం నాటివి.

కాగితాల విషయానికొస్తే, ఫ్రెంచి పాలిత పశ్చిమ ఆఫ్రికా దస్తావేజులు సెనెగల్ రాజధాని డకార్‌లోని జాతీయ ఆర్కైవ్స్‌లోనూ, ఫ్రాన్స్‌లో ఎక్స్-ఆన్-ప్రొవాన్స్‌లోని విదేశీ భూభాగాల ఆర్కైవ్స్‌లోనూ ఉన్నాయి. పుట్టినప్పుడు నమోదు కానివాళ్లకి తర్వాత కోర్టు సాక్షుల మాట మీద జననపత్రం ఇచ్చేది. అందులో ‘సుమారు ఫలానా సంవత్సరం’ అని ఉంటుంది. ఆ సంవత్సరానికి అటూ ఇటూ ఐదేళ్లు వేసుకుని వెతకండి. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్స్ తరఫున చనిపోయిన ఆఫ్రికా సైనికుల కార్డులు ఫ్రెంచి రక్షణ శాఖ వెబ్‌సైట్‌లో ఉన్నాయి, పుట్టిన ప్రాంతంతో సహా. ఆ పటాలాల్ని ‘సెనెగల్ తుపాకీ దళం’ అనేవాళ్లు కానీ అందులో మాలీ, బుర్కినా, గినీ మనుషులు నిండా ఉన్నారు; పటాలం పేరు చూసి సెనెగల్ అని రాసుకోకండి. ఫ్రీటౌన్‌లో విముక్తుల రిజిస్టర్లలో పేరు, వయసు, ఎత్తు, ఒంటిమీద గుర్తులు రాశారు. ఇంగ్లీషు గుమాస్తా చెవికి వినపడ్డట్టు రాసిన పేర్లవి, కాబట్టి బిగ్గరగా చదివి ఆ భాష మాట్లాడేవాళ్లకి వినిపించాలి. ఇలా ఓడలనుంచి విడిపించినవాళ్లవి, ఆఫ్రికాలోని బానిస వర్తక కేంద్రాల్లో దొరికినవాళ్లవి 91,491 మంది వివరాలు ఆఫ్రికన్ ఆరిజిన్స్ అనే డేటాబేస్‌లో ఉన్నాయి.

డీఎన్ఏ పరీక్షల మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. తండ్రి వైపు గుర్తుగా ఈ-ఎం2 అనే రకం వస్తే పశ్చిమ ఆఫ్రికా అంతటా అదే ఎక్కువ, మోసీని ఇగ్బోనుంచి విడదీయదు. ‘మాలీ ఇంత శాతం’ అని వచ్చే లెక్కలు దేశం పేరుతో ఉంటాయి, జాతులు సరిహద్దుల్ని పట్టించుకోవు. దగ్గరి బంధువులెవరైనా జాబితాలో తగిలితే మాత్రం బంగారమే.

చివరికి అడగాల్సింది మనుషుల్నే. మాందే, వొలొఫ్, ఫులానీ కుటుంబం అయితే ‘మీకు ఎవరితో పరాచికాలు చెల్లుతాయి?’ అని అడగండి. వంశాల మధ్య వేళాకోళపు చుట్టరికం ఒకటి ఉంటుంది. మాందే భాషల్లో సెనంకుయా. బీన్స్ తినేవాడా అని మొహం మీదే తిడతారు, ఎవరూ కోపగించుకోరు. పేరు మారిన కుటుంబం కూడా పాత పరాచికాల చుట్టాల్ని అంత తేలిగ్గా మరచిపోదు. ఆ తర్వాత వాళ్ల ఇంట్లో తినకూడని, చంపకూడని జంతువు ఏమిటో అడగండి. ఆ తర్వాత తాత సమాధి ఏ ఊళ్లో ఉందో. ఫోన్లో రికార్డు పెట్టి, పేర్లు వాళ్ల నోటితోనే రెండేసి సార్లు పలికించండి. రాసుకునేటప్పుడు ముందు తెలుగులో విన్నట్టే రాసి, చెప్పినవాళ్ల వయసు, ఊరు, తేదీ పక్కనే వేయండి. ఫ్రెంచి రాత, ఇంగ్లీషు రాత తర్వాత నింపుకోవచ్చు.